పాత కంప్యూటర్లో కొత్త బ్రౌజర్: విండోస్ ఎక్స్‌పీ, 98 యంత్రాల్లో నేటి సైట్లు తెరవడం ఎలా

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం డీటీపీ షాపుల్లో పెంటియం 4 మీద ఎక్స్‌పీ ఇంకా నడుస్తూనే ఉంది. పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు, ఎల్‌పీటీ పోర్టుకు తగిలించిన లేజర్ ప్రింటర్ ఈ మూడూ పేచీ పెట్టకుండా కలిసి పనిచేసేది దాని మీదే. పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖలు కొట్టేవాళ్లకి ఆ డబ్బా మార్చడమంటే పనంతా ఆపుకోవడమే. మార్చనక్కర్లేదు కూడా. చిక్కల్లా ఇంటర్నెట్‌తోనే. సైటు తెరవబోతే పేజీ రాదు, వచ్చినా తెల్లగా ఉండిపోతుంది, లేదా సర్టిఫికెట్ తప్పని హెచ్చరిక పడుతుంది.

దీన్ని సరిచేసే దారులు మూడున్నాయి. ఎక్స్‌పీ ఉంచుకుని దాని కోసం తయారైన కొత్త బ్రౌజర్ వేయడం ఒకటి. అదే డబ్బాలో లినక్స్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కూడా పెట్టుకోవడం రెండోది. బ్రౌజర్‌ని వేరే యంత్రంలో నడిపి, పాతదాన్ని తెరగా మాత్రమే వాడడం మూడోది. మీకు ఏది పనికొస్తుందో ప్రాసెసర్, ర్యామ్ చెబుతాయి. వాటిని చూడకుండా కనిపించిన బ్రౌజర్లన్నీ డౌన్‌లోడ్ చేసి ప్రయత్నిస్తూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది, పని మాత్రం కాదు.

పేజీ ఎందుకు రాదు

నాలుగు కారణాలున్నాయి. లక్షణాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు.

మొదటిది గుప్తలిపి. సైటుకీ బ్రౌజర్‌కీ మధ్య మాటలు ఇప్పుడు టీఎల్‌ఎస్ అనే గుప్తలిపి పద్ధతిలో, 1.2 లేదా 1.3 వెర్షన్లో, నడుస్తాయి. 1.0, 1.1 లను పెద్ద బ్రౌజర్లన్నీ 2020లో ఆపేయడం మొదలుపెట్టాయి, సైట్లూ అదే బాట పట్టాయి. ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కి తెలిసింది 1.0 వరకే. అందుకే అది పేజీ చూపించలేనంటుంది తప్ప కారణం చెప్పదు.

రెండోది సర్టిఫికెట్, అంటే సైటు అసలైనదేనని చెప్పే గుర్తింపు పత్రం. వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థని వాడే సైట్లు చాలాకాలం ఆధారపడిన పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరిపోయింది. దాని స్థానంలో వచ్చింది పాత విండోస్‌కి తెలియదు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. ఫైర్‌ఫాక్స్ కుటుంబంలోని బ్రౌజర్లు మూల సర్టిఫికెట్ల జాబితాను తమతోనే తెచ్చుకుంటాయి. పాత క్రోమ్ మాత్రం విండోస్ జాబితానే నమ్ముతుంది. ఎక్స్‌పీకి చివరిగా వచ్చిన క్రోమ్ 49లో హెచ్చరిక పడిన సైటు, అదే యంత్రంలో ఫైర్‌ఫాక్స్ 52లో తెరుచుకోవడానికి కారణం ఇదే.

మూడోది జావాస్క్రిప్ట్. హెచ్చరిక ఏమీ లేకుండా పేజీ తెల్లగా ఉండిపోయినా, మెనూలు నొక్కితే కదలకపోయినా, బ్రౌజర్ ఇంజిన్ పాతబడిందని అర్థం. సర్టిఫికెట్లు ఎన్ని ఎక్కించినా ఇది బాగుపడదు.

నాలుగోది అన్నిటికన్నా తేలిక, కానీ అందరూ ఆఖర్న చూసేది అదే: గడియారం. మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోతే తేదీ ఏ 2002కో వెనక్కి పోతుంది. అప్పుడు ప్రతి సర్టిఫికెట్టూ ఇంకా అమల్లోకి రానిదిగా కనిపిస్తుంది. అన్ని సైట్లలోనూ ఒకేసారి హెచ్చరిక పడుతుంటే ముందు టాస్క్‌బార్ మూల తేదీ చూడండి.

ముందు డబ్బా విప్పండి

డెల్టాలో ఈ పని దాటేయకూడదు. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉప్పుగాలి, జూలై నుంచి ముసురు, ఏడాది పొడుగునా తేమ. ఇవి ర్యామ్ కాళ్ల మీద, కార్డుల అంచుల మీద చిలుము పట్టిస్తాయి. బ్రౌజర్ ర్యామ్‌ని అంచుదాకా వాడుతుంది కాబట్టి పేజ్‌మేకర్‌లో ఎప్పుడూ బయటపడని లోపం బ్రౌజర్ తెరవగానే నీలితెరగా బయటపడుతుంది. నింద బ్రౌజర్ మీద పడుతుంది.

కరెంటు తీగ పీకండి. డబ్బా ఇనుప చట్రాన్ని చేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరాకే పెట్టండి. ఏజీపీ కార్డుకీ, లాన్ కార్డుకీ ఇదే పద్ధతి. సీఆర్ 2032 సెల్‌ని మల్టీమీటర్‌తో చూడండి. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. 2.8 కిందికి దిగిందంటే మార్చేయండి. మార్చాక బయోస్‌లోకి వెళ్లి తేదీ, సమయం, హార్డ్ డిస్క్ వరస సరిచేయాలి.

కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉందో లేదో చూడండి. ఉబ్బితే, అడుగున గోధుమరంగు జిగురు కారితే ఆ బోర్డు ఎక్కువకాలం నిలవదు. దాని మీద బ్రౌజర్ కోసం డబ్బు పెట్టకండి, డేటా కాపీ చేసుకోండి. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఒక్క ఎర్ర వరస పడినా ఆ ర్యామ్ పనికిరాదు.

చెరువుల ప్రాంతాల్లో ఇంకో సంగతి. ఏరేటర్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు వోల్టేజీ కిందికి జారుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌లు (డబ్బాలోని పవర్ సప్లైలు) సుమారు 180 వోల్టులు దిగితే నిలబడలేవు. కంప్యూటర్ రోజూ ఒకే వేళకి తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే వైరస్ కోసం వెతక్కండి, ఆ వేళకి వోల్టేజీ కొలవండి. లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెడితే సర్దుకుంటుంది.

ప్రాసెసర్, ర్యామ్ చూసి దారి ఎంచుకోవడం

ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాము పాత విండోస్‌ల మీద కూడా నడుస్తుంది. దాన్ని తెరిచి ఇన్‌స్ట్రక్షన్స్ వరసలో ఎస్‌ఎస్‌ఈ2 (నేటి బ్రౌజర్లు ప్రాసెసర్ నుంచి కోరే ఆదేశాల గుంపు) ఉందో లేదో చూడండి. గీత అక్కడే ఉంది. పెంటియం 4, అథ్లాన్ 64, ఆ తర్వాత వచ్చినవాటికి ఎస్‌ఎస్‌ఈ2 ఉంది. పెంటియం 3కీ, అథ్లాన్ ఎక్స్‌పీకీ లేదు. లేని ప్రాసెసర్ మీద నేటి బ్రౌజర్లు లేవవు, ర్యామ్ ఎంత పెంచినా లాభం ఉండదు. వాటికి మూడో దారే.

ర్యామ్ పెంచేముందు చిప్‌సెట్ చూడండి. ఇంటెల్ 815 బోర్డు 512 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే 845 బోర్డు 2 జీబీ దాకా, 865 బోర్డు 4 జీబీ దాకా పడతాయి. స్లాట్లు రెండే ఉంటే రెండు 1 జీబీ ముక్కలు కావాలి. డీడీఆర్ 1 ర్యామ్ రాజమండ్రి, కాకినాడ రిపేరు షాపుల్లో దొరక్కపోతే సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అడగండి. 512 ఎంబీతో ఎక్స్‌పీ మీద కొత్త బ్రౌజర్ అన్న ఆలోచన వదిలేయండి. 1 జీబీ ఉంటే ఒకటి రెండు ట్యాబులతో నెట్టుకురావచ్చు. 2 జీబీ ఉంటే పని సాగుతుంది.

కోర్ 2 డుయో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అది 64-బిట్ ప్రాసెసర్. 4 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టి 64-బిట్ లినక్స్ వేస్తే ఈ రోజు విడుదలైన ఫైర్‌ఫాక్సే నడుస్తుంది, ఏ తిరుగుడూ అక్కర్లేదు.

విండోస్ 7 ఉంటే గోల ఇంకా తక్కువ. క్రోమ్ ఆ సిస్టానికి 109వ వెర్షన్ దగ్గర, 2023లో ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం మద్దతు ఉండే రకం) వేసుకోండి. అది చాలకపోతే కింద చెప్పిన సూపర్మియం దాని మీదా నడుస్తుంది.

ఎక్స్‌పీ ఉంచుకునే పక్షంలో

సర్వీస్ ప్యాక్ 3 తప్పనిసరి. మై కంప్యూటర్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్‌లో కనిపిస్తుంది. అది లేకపోతే సర్టిఫికెట్ల మీది ఎస్‌హెచ్‌ఏ-2 అనే కొత్తరకం డిజిటల్ సంతకాలే అర్థం కావు, తర్వాతి అడుగులన్నీ వృథా.

బ్రౌజర్లలో ముందు చూడాల్సింది సూపర్మియం. క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం కొత్త కోడ్‌ని ఎక్స్‌పీ మీద నడిచేలా మలిచిన ప్రాజెక్టు ఇది. సైట్లు సరిగ్గా కనిపించాలంటే దీన్ని మించింది ఎక్స్‌పీ మీద లేదు. బరువూ ఎక్కువే. 1 జీబీ యంత్రాలకి మైపాల్ 68 నయం. ఫైర్‌ఫాక్స్ 68 పునాది కాబట్టి తేలిక, కానీ జావాస్క్రిప్ట్ బాగా వాడే సైట్లు కొన్ని విరిగిపోతాయి. రెండూ పెట్టుకుని, వార్తలూ మెయిలూ మైపాల్‌లో, మొరాయించే సైటు సూపర్మియంలో తెరవడం మేలైన పద్ధతి. రెండూ ఒకేసారి మాత్రం తెరవద్దు.

వేరే కంప్యూటర్లో ఆయా ప్రాజెక్టుల సొంత పేజీ నుంచి 32-బిట్ ఇన్‌స్టాలర్ దించి పెన్‌డ్రైవ్‌లో తెండి. మూడో మనిషి పెట్టిన డౌన్‌లోడ్ సైట్ల జోలికి పోవద్దు. పాత సాఫ్ట్‌వేర్ పేరుతో మాల్‌వేర్ అంటగట్టేది అక్కడే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలి. కొత్త ఎక్స్‌ఫ్యాట్‌ని ఎక్స్‌పీ అదనపు అప్‌డేట్ లేకుండా చదవదు.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి పని ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్. పాత ప్రాసెసర్ మీద బ్రౌజింగ్ నత్తనడకన సాగడానికి అసలు వ్యాసం కన్నా దాని చుట్టూ ఉన్న ప్రకటనల స్క్రిప్టులే ఎక్కువ కారణం. మైపాల్‌కి దాని కాలం నాటి పాత వెర్షన్ ఎంచుకోవాలి. రెండోది, సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపండి. 845 బోర్డులోని గ్రాఫిక్స్‌కి నేటి బ్రౌజర్ అడిగేది చేతకాదు, ప్రయత్నించి తెర నల్లబడుతుంది. మూడోది పేజింగ్ ఫైలు, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఒకే అంకె, 2048 ఎంబీ, పెట్టండి. అది పెరుగుతూ తరుగుతూ ఉంటే పాత డిస్క్ మీద ముక్కలైపోతుంది.

డిస్క్ మార్చగలిగితే తేడా వెంటనే తెలుస్తుంది. ఐడీఈ నుంచి సాటాకు మార్చే చిన్న అడాప్టర్‌తో ఎస్‌ఎస్‌డీ తగిలించొచ్చు. జంపర్ మాస్టర్ మీద ఉండాలి. పార్టిషన్ మాత్రం ఎక్స్‌పీ సీడీతో చేయొద్దు. అది 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, ఎస్‌ఎస్‌డీ బ్లాకులతో పొంతన కుదరక రాత మందగిస్తుంది. విండోస్ 7 లేదా లినక్స్ యంత్రంలో పార్టిషన్ చేసి తెచ్చి, ఆ తర్వాత ఎక్స్‌పీ వేయండి.

యూట్యూబ్ సంగతి. పెంటియం 4 మీద ఆశ పెట్టుకోవద్దు. కోర్ 2 డుయోలో 360పీ, కొన్నిసార్లు 480పీ వస్తుంది. యూట్యూబ్ మామూలుగా వీడియోని వీపీ9 అనే పద్ధతిలో కుదించి పంపుతుంది, దాన్ని విప్పడం పాత ప్రాసెసర్‌కి భారం. ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఐఫై ఎక్స్‌టెన్షన్ వేస్తే హెచ్.264 అడుగుతుంది, భారం తగ్గుతుంది.

పక్కనే లినక్స్

ఎక్స్‌పీ ఉన్న డిస్క్‌ని విప్పి పక్కన పెట్టండి. వేరే డిస్క్ తగిలించి దాని మీద లినక్స్ వేయండి. తర్వాత రెండూ పెట్టుకుని బయోస్ బూట్ మెనూలో కావాల్సింది ఎంచుకోవచ్చు. ఒకే డిస్క్‌ని పంచే పద్ధతిలో ఒక్క తప్పు నొక్కుడుకి అనూ, పేజ్‌మేకర్ ఉన్న పార్టిషన్ పోతుంది. పాత ఇన్‌స్టాలర్లు మళ్లీ దొరకడం కష్టం.

32-బిట్ యంత్రాలకి లినక్స్ రకాల్లో యాంటీఎక్స్ బాగుంటుంది. డెబియన్ 12 కూడా పడుతుంది. డెబియన్ 13లో 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు. 32-బిట్ లినక్స్‌కి క్రోమ్ 2016లోనే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ కూడా 144తో ఆపేసింది. మిగిలింది 140 ఈఎస్‌ఆర్. అంటే ఈ దారికి గడువు దగ్గర పడింది. 64-బిట్ ప్రాసెసర్ అయితే నిశ్చింతగా వెళ్లొచ్చు. పెంటియం 4 కాలపు బోర్డులు చాలావరకు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావు, డీవీడీకి రాసుకోండి.

98, పెంటియం 3: తెరగా వాడడం

ఎస్‌ఎస్‌ఈ2 లేని యంత్రాల మీద, విండోస్ 98 మీద, ఇదే నికరమైన పద్ధతి. ఎక్స్‌పీ యంత్రానికి కూడా మేం ముందు సూచించేది ఇదే. వరద గోదావరిని ధవళేశ్వరం దగ్గర ఆపి, లాకుల్లోంచి కాలవకి పట్టినంతే వదిలినట్టు, నేటి వెబ్ బరువునంతా వేరే యంత్రం మోసి పాతదానికి చేతనైనంతే అందిస్తుంది.

ఆ మోసే యంత్రాన్ని సర్వర్ అందాం. అది 4 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ కావచ్చు, మూల పడేసిన ఐ3 ల్యాప్‌టాప్ కావచ్చు. దాని మీద నడిపేవి మూడు రకాలు.

బ్రౌజర్విస్ లినక్స్ మీద అసలైన క్రోమియం ఇంజిన్ నడిపి, పేజీని బొమ్మగా పంపుతుంది. పాత బ్రౌజర్‌కి కొంచెం జావాస్క్రిప్ట్ వస్తే చాలు. మీరు నొక్కిందీ టైపు చేసిందీ వెనక్కి చేరుతుంది. మొదట అది తన యంత్రంలోంచి వచ్చే కోరికలకే, అంటే 127.0.0.1కే, జవాబిస్తుంది. నడిపేటప్పుడు వినే చిరునామాను 0.0.0.0:8080 గా ఇవ్వాలి. సర్వర్ నడుస్తూనే ఉన్నా పాత యంత్రంలో ఏమీ రాకపోవడానికి ఇదే ఎక్కువగా కారణం.

డబ్ల్యూఆర్‌పీ ఇంకా పాత బ్రౌజర్ల కోసం. జావాస్క్రిప్ట్ కూడా అడగదు. పేజీ మొత్తం ఒకే బొమ్మ, దాని మీద ఎక్కడ నొక్కితే ఆ చోటు సర్వర్‌కి తెలుస్తుంది. పై వరసలో వెడల్పు, ఎత్తు, బొమ్మ రకం, రంగుల సంఖ్య మార్చుకోవచ్చు. 800×600 తెరకి వెడల్పు 760 పెడితే అడ్డంగా జరపక్కర్లేదు. అక్షరాలకి పీఎన్‌జీ, ఫోటోలకి జేపీఈజీ, 256 రంగుల తెరకి జిఫ్. ఈ బొమ్మల పద్ధతిలో వీడియో, ధ్వని రావు.

మూడోది వెబ్‌వన్. ఇది బొమ్మలు చేయదు, గుప్తలిపిని మాత్రం తాను విప్పి మామూలు హెచ్‌టీటీపీగా అందిస్తుంది. పాత ఫోరంలు, డ్రైవర్ల పేజీల వంటి సాదా సైట్లకి చాలా వేగం. బరువైన సైట్లకి పనికిరాదు. ఇంటర్నెట్ ఆప్షన్స్, కనెక్షన్స్, లాన్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీగా సర్వర్ చిరునామా, పోర్టు 8080 ఇస్తే సరి.

తీగల పని ఇలా. ఆర్‌టీఎల్ 8139 చిప్ ఉన్న పాత పీసీఐ లాన్ కార్డుకి 98 డ్రైవర్ సులువుగా దొరుకుతుంది. ఏపీ ఫైబర్‌నెట్ అయినా మరొకటి అయినా, ఇంటి బాక్సు వెనక లాన్ పోర్టు ఉంటుంది, క్యాట్ 5ఈ తీగతో అక్కడికి కలపండి. రౌటర్ సెట్టింగ్స్‌లో సర్వర్‌కి ఒక స్థిరమైన చిరునామా, ఉదాహరణకి 192.168.1.50, కేటాయించండి. పాత యంత్రంలో టీసీపీ/ఐపీ ప్రాపర్టీస్‌కి వెళ్లి 192.168.1.60, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. గేట్‌వే, డీఎన్‌ఎస్ గళ్లు ఖాళీగా వదిలేయండి. అప్పుడు అది సర్వర్‌తో మాట్లాడగలదు, బయటి ఇంటర్నెట్‌కి నేరుగా వెళ్లే దారి ఉండదు. బ్రౌజర్లో 192.168.1.50:8080 కొట్టండి, సర్వర్ పేజీ రావాలి. రాకపోతే ముందు పింగ్ చేయండి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ping 192.168.1.50 కొట్టి జవాబొస్తుందో లేదో చూడండి. పింగ్ వచ్చి పేజీ రాకపోతే సర్వర్ వినే చిరునామా ఇంకా 127.0.0.1గానే ఉండాలి, లేదా దాని ఫైర్‌వాల్‌లో 8080 మూసి ఉండాలి.

98లో 512 ఎంబీ మించి ర్యామ్ పెట్టకండి. పెడితే డిస్క్ క్యాషే దారి తప్పి ర్యామ్ చాలదన్న హెచ్చరికతో ఆగిపోతుంది.

తెలుగు సరిగ్గా కనిపించాలంటే

ఇక్కడ మూడు లోపాలు మూడు రకాలుగా కనిపిస్తాయి. అక్షరాల బదులు డబ్బాలు వస్తే ఫాంట్ లేదు. అక్షరాలు వచ్చి ఒత్తులు కింద పడకుండా పక్కన విడిగా నిలబడితే అక్షరాలను కూర్చే భాగం లేదు. ప్రశ్నార్థకాలు వస్తే ఆ ప్రోగ్రాముకి యూనికోడ్ రాదు.

ఎక్స్‌పీలో మొదటి రెండింటికీ మందు ఒకటే. కంట్రోల్ ప్యానెల్, రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్ ట్యాబులో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న గడిలో టిక్ పెట్టండి. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, అందులో ఐ386 ఫోల్డర్ చూపించండి. రీస్టార్ట్ అయ్యాక గౌతమి ఫాంట్ వస్తుంది. చదవడానికి గౌతమి సన్నగా అనిపిస్తే మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఫాంట్స్ ఫోల్డర్లో వేసి, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో తెలుగుకి దాన్ని ఎంచుకోండి.

98లో ఈ బాధ తీరదు. కానీ బొమ్మ పద్ధతిలో అసలు అవసరమే లేదు. అక్షరాలు కూర్చేది సర్వర్. దాని మీద తెలుగు ఫాంట్లు ఉంటే 98 తెర మీద క్ష్మ, స్త్ర్య లాంటివి కూడా చక్కగా వస్తాయి. కొత్తగా వేసిన లినక్స్‌లో తెలుగు ఫాంట్లు ఉండకపోవచ్చు, మరిచిపోకుండా ఎక్కించండి.

ఈ యంత్రం మీద చేయకూడనివి

బ్యాంకు, పన్ను, ఆధార్, ఏ పాస్‌వర్డ్ పోతే డబ్బు పోతుందో అదేదీ వద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. బ్రౌజర్ కొత్తదైనా కింద సిస్టమ్‌లోని రంధ్రాలు అలాగే ఉంటాయి. బొమ్మ పద్ధతిలో సైటుకీ సర్వర్‌కీ మధ్య గుప్తలిపి ఉంటుంది గానీ, సర్వర్‌కీ పాత యంత్రానికీ మధ్య మీరు టైపు చేసింది తేటగానే వెళ్తుంది. రౌటర్లో 8080ని బయటికి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎప్పుడూ పెట్టకండి. ఎవరైనా మీ కనెక్షన్ మీదుగా ఏదైనా చేయగలుగుతారు.

నెట్‌వర్క్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ టిక్ తీసేయండి. 2017 మే నెలలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై మాల్‌వేర్ పాకింది ఆ దారినే. అప్పుడు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇచ్చింది. మీ యంత్రంలో అది లేకపోతే వేసుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామును నడిపే ఆటోరన్ కూడా ఆపాలి. డీటీపీ షాపులో ఇంటర్నెట్ కన్నా ఖాతాదార్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లే ఎక్కువ ప్రమాదం. వాటిని లినక్స్ ఉన్న ఆ సర్వర్‌లో తెరిచి, కావాల్సిన ఫైలు మాత్రమే పాతదానికి పంపండి.

ఉరుములు మొదలైతే కరెంటుతో పాటు లాన్ తీగ కూడా పీకాలి. బాక్సు దాకా వచ్చేది గాజు తీగే అయినా, బాక్సు అడాప్టర్ మీదుగా వచ్చిన పోటు లాన్ తీగ పట్టుకుని లోపలికి వస్తుంది.

పేజ్‌మేకర్ వాడేవాళ్లకి ఒక మాట. బ్రౌజర్లోంచి తెలుగు కాపీ చేసి పేజ్‌మేకర్‌లో అతికిస్తే ప్రశ్నార్థకాలే వస్తాయి. అనూ అక్షరాల సంకేతాలు వేరు, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. యూనికోడ్‌ని అనూలోకి మార్చే కన్వర్టర్ వాడి, వచ్చిన దాన్ని అతికించి, అప్పుడు అనూ ఫాంట్ ఎంచుకోవాలి. బొమ్మ పద్ధతిలో తెర మీది అక్షరాలు అసలు కాపీ కావు కాబట్టి ఈ మార్పిడి సర్వర్‌లోనే చేసి, టెక్స్ట్ ఫైలుగా తెచ్చుకోండి. మార్చాక అరసున్నలు, క్రావడులు, సంయుక్తాక్షరాలు ఒకసారి చదివి చూసుకోండి. కన్వర్టర్లు తడబడేది వాటి దగ్గరే.